మా ఇంటి వంతు

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే చదివేవాళ్ళు నన్ను చూసి పాపం అనుకుంటారు. పాపం అనిపించుకోవడమంటే నాకు ఒళ్ళు మంట. మా ఆయన పోయిన తర్వాత ధవళేశ్వరంలో నన్ను ఆ మాట అనని మనిషి లేడు. ఆఫీసులో ప్యూను దగ్గర్నించి కూరలమ్మే ఆవిడ దాకా అందరూ తల ఓ పక్కకి వాల్చి "ఎలా ఉన్నారండీ" అనేవారు. బాగున్నానండి, బాగున్నానండి అని చెప్పీ చెప్పీ దవడలు నొప్పి పుట్టేవి.

అది తొంభైల చివరి మాట. నాకు నలభై రెండేళ్ళు. ఇరిగేషన్ ఆఫీసులో టైపిస్టుని. పిల్లలు లేరు. మా ఆయన ఒక ఆదివారం పొద్దున్న షేవింగ్ చేసుకుంటూ గుండె పట్టుకుని కూర్చుండిపోయారు, అంతే. తర్వాత రెండేళ్ళూ నేను ఇంట్లో మాట్లాడింది టీవీతోనే. వార్తలు చదివే ఆవిడ చీర బాగోకపోతే ఆవిడకే చెప్పేదాన్ని. అన్నం ఒక్కదానికి వండుకోవడం నాకు చేతకాలేదు. ఎప్పుడూ మిగిలిపోయేది.

చర్చికి వెళ్ళేదాన్ని, కానీ ఆఖరి బెంచీ. అయ్యగారు దీవెన చెప్పకముందే చెప్పులేసుకుని బయటపడేదాన్ని. ఒక ఆదివారం మాత్రం వాన పట్టుకుని వరండాలో చిక్కుపడిపోయాను. ఆ రోజు నా పక్క బెంచీలో కూర్చున్న పెద్దావిడ వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఆవిడ మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఊళ్ళో సగం మందికి ఇంజెక్షను పొడిచిన చెయ్యి. అందరూ సిస్టరుగారు అనేవారు. మామూలుగా క్వయర్లో నిలబడే మనిషి, దగ్గుగా ఉండి ఆ రోజు వెనక కూర్చుంది.

"నువ్వు అందరితో కలిసి పాడవేంటమ్మా? మధ్యలో కిందకి దిగిపోతావు" అంది.

"నా గొంతు పైకి లేవదండి. ఇబ్బందిగా ఉంటే చెవులు మూసుకోవాల్సింది" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. నవ్వింది. "నువ్వు దిగుతున్న చోటే మేం రెండో స్వరం పాడతాం. ఆ ఆల్టో గుంపులో నేనొక్కదాన్నే మిగిలాను. శనివారం సాయంత్రం ఐదింటికి ప్రాక్టీసు. రా."

నేను వెళ్ళకూడదనే అనుకున్నాను. శనివారం నాలుగింటికి తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, వెళ్ళకూడదనే అనుకుంటూ వెళ్ళాను.

మా క్వయరు మొత్తం పన్నెండు మంది. నాయకుడు రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన మేష్టారు. నిజానికి ఆయన ఏ బళ్ళోనూ చెప్పలేదు, పాటలు నేర్పుతారు కనక మేష్టారు. మిగతావాళ్ళలో టీచర్లున్నారు, బట్టల కొట్టు గుమాస్తా ఉన్నాడు, రాజమండ్రి నించి బస్సులో వచ్చే అక్కాచెల్లెళ్ళున్నారు. ఒక్కరికీ సంగీతం రాదు. మేష్టారు హార్మోనియం మీద ఒక్కో గుంపుకీ వేరేగా నేర్పేవారు. మగవాళ్ళు అయ్యేదాకా ఆడవాళ్ళం బఠాణీలు తింటూ కూర్చునేవాళ్ళం. అందరికీ వచ్చాక ఒకేసారి కలిపి పాడించేవారు.

మొదటిసారి అలా కలిసిన రోజు నాకు బాగా గుర్తు. సిస్టరుగారి పక్కన నిలబడి, ఆవిడ నోరు చూస్తూ, నాకు నేర్పిన నాలుగు ముక్కలూ పట్టుకుని పాడుతున్నాను. ఉన్నట్టుండి పైనా కిందా అన్ని గొంతులూ వచ్చి నా గొంతు చుట్టూ చేరిపోయాయి. నేను పాడుతున్నదేదో నాకే వినపడలేదు. కానీ ఆపితే తేడా తెలుస్తుందని మాత్రం తెలిసింది. నాకు చాలా సంతోషం వేసింది. సంతోషమేసినందుకు సిగ్గు కూడా వేసింది. ఇంటికి వెళ్ళే దారిలో కాలవ గట్టు మీద కాసేపు నిలబడి ఏడ్చి, మొహం తుడుచుకుని వెళ్ళాను.

అక్కడ ఎవరూ నన్ను ఎలా ఉన్నారండీ అని అడగలేదు. "మూడో లైన్లో తొందరపడుతున్నావు" అన్నారు. "మీ బాక్సులో ఉప్మా మిగిలిందా" అని అడిగారు. అంతకంటే ఎవరైనా ఏం చెయ్యాలి?

ఒక్కటే చిక్కు. ప్రాక్టీసు చర్చిలో కాదు, ఇళ్ళలో. ఒక్కో శనివారం ఒక్కొక్కరి ఇల్లు. ఎవరి వంతు వస్తే వాళ్ళింట్లో టీ, ఏదో చిరుతిండి. హార్మోనియం రిక్షాలో వాళ్ళింటికి చేరేది. మేష్టారి డైరీలో వంతుల పట్టీ ఉండేది. నా పేరు పన్నెండోది. పదకొండు ఇళ్ళు తిరిగి, పదకొండు ఇళ్ళ పకోడీలు తిన్నాక మేష్టారు కళ్ళజోడు సవరించుకుని "వచ్చే వారం అమ్మాయిగారిల్లు" అన్నారు.

మా ముందుగదిలో ఆఖరుసారి జనం చేరి పాడింది మా ఆయన పోయాక పెట్టిన ఆదరణ కూడిక రోజున. ఆ గోడల మధ్య మళ్ళీ పాటంటే నేను తట్టుకోలేననిపించింది. ఆ మాట చెబితే పాపం అంటారు. అందుకని నోటికి ఏదొస్తే అది అన్నాను.

"మా ఇంటి ఓనరుగారు ఒప్పుకోరండి. ఆయనకి పాటలూ గోలా పడవు."

"అయ్యో, అలాగా" అన్నారు అందరూ. సిస్టరుగారు నా చెయ్యి నొక్కింది. మేష్టారు పట్టీలో నా పేరు కొట్టేశారు. పెద్ద గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకున్నాను.

మా ఓనరుగారు పరమ సాధువు. మా ఆఫీసులోనే హెడ్ గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. పొద్దున్నే విష్ణు సహస్రనామం, సాయంత్రం వరండాలో పడక్కుర్చీ. ఆయన భార్యని నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఒకే ఇల్లు, మధ్య గోడ, రెండు వాటాలు. వాళ్ళకీ పిల్లలు లేరు. నీళ్ళొచ్చాయమ్మా, పాలబ్బాయి రాలేదమ్మా, అంతవరకే మా మాటలు. అంతకంటే ముందుకి రానివ్వకుండా నేనే తలుపు దగ్గరగా వేసుకునేదాన్ని.

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్ ముందు వారం మా వాళ్ళు వీధివీధీ తిరిగి పాడతారు. క్వయరు సభ్యుల ఇళ్ళ ముందు ఆగి తప్పకుండా రెండు పాటలు పాడాలి, అది రివాజు. ఏ రోజు ఏ వీధో ఊళ్ళో అందరికీ ముందే తెలిసిపోతుంది. పెద్దవాళ్ళు ఎక్కువమంది కనక మేం దీపాలు పెట్టే వేళకే బయల్దేరాం. ముందు పెట్రోమాక్స్ లైటు, వెనక మేష్టారు, ఆ వెనక మేం. ఇల్లిల్లూ తిరుగుతూ, పెట్టిన కేకులూ అరిసెలూ సంచీలో వేసుకుంటూ మా వీధి మలుపు దాకా వచ్చాం. నేను కూడా గొంతెత్తి పాడుతున్నాను.

మలుపు తిరగ్గానే మేష్టారు చెయ్యెత్తి పాట ఆపేశారు.

"ఇక్కడ వద్దు. అమ్మాయిగారి ఓనరుకి పడదు. ఆవిడకి మాటొస్తుంది. మెల్లగా నడిచి దాటేద్దాం."

అందరూ నోళ్ళు మూసుకున్నారు. లైటు కూడా కాస్త కిందకి దించారు. చెప్పులు చప్పుడు కాకుండా నడవడం మొదలుపెట్టారు. మా గేటు దగ్గరికి వచ్చేసరికి నేను చూశాను. వరండాలో బల్బు వెలుగుతోంది. ఓనరుగారు మడత చొక్కా వేసుకుని కూర్చున్నారు. పిన్నిగారు పట్టుచీర కట్టుకున్నారు. గుమ్మం ముందు కళ్ళాపి చల్లి అంత పెద్ద ముగ్గు. స్టూలు మీద పళ్ళెం, పళ్ళెంలో అరటిపళ్ళు.

"చూశావా, పాడకుండా కాపలా కూర్చున్నారు" అని సిస్టరుగారు నా చెవిలో గొణిగింది.

మాకోసమే కూర్చున్నారని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. సొంత ఇంటి ముందు నించి దొంగలా నడిచి వెళ్ళిపోయాను. పిన్నిగారు లేచి నిలబడటం కంటి చివర కనిపించింది. వీధి చివరికి వెళ్ళాక మేష్టారు మళ్ళీ పాట ఎత్తుకున్నారు. నా గొంతు లేవలేదు.

మర్నాడు పొద్దున్న పిన్నిగారు పంపు దగ్గర అడిగారు. "నిన్న మీ వాళ్ళు మన గుమ్మం ముందు పాడలేదేంటమ్మా? మేం వేరే దేవుణ్ణి కొలుస్తామనా?"

"అది కాదండీ. అప్పటికి అందరికీ గొంతులు పోయాయి" అన్నాను.

"వీధి చివర పాడారుగా" అన్నారావిడ, బిందె ఎత్తుకుంటూ. నాకు తల కొట్టేసినట్టయింది.

ఒక అబద్ధంతో అటు వాళ్ళనీ ఇటు వీళ్ళనీ వెధవల్ని చేశాను. తర్వాతి శనివారం సిస్టరుగారింట్లో ప్రాక్టీసు మధ్యలో అదంతా కక్కేశాను. తప్పు నాదైనా కోపం మాత్రం వాళ్ళ మీదే చూపించాను. "మా ఓనరుకి పాటలు పడవని నేనంటే మీరు నమ్మేయడమేంటండీ? ఆయన దేవుడిలాంటి మనిషి. నాకే ఎవరూ రావడం ఇష్టం లేదు. మా ఆయన పోయినప్పుడు ఆ గదిలో పాడారు, చాలు" అన్నాను. ఇక వీళ్ళ మొహం చూడలేనని చెప్పుల కోసం వెతుకుతున్నాను.

మేష్టారు డైరీ తీశారు. "అయితే వచ్చే శనివారం మీ ఇల్లే. టీలో పంచదార తక్కువ వెయ్యండి, నాకు షుగరు" అన్నారు. సిస్టరుగారు నా చెప్పులు తీసి తన మంచం కిందకి తోసేసింది.

శనివారానికి పిన్నిగారి దగ్గర కుర్చీలూ జంబుకానా గ్లాసులూ అడిగి తెచ్చుకున్నాను. అసలు సంగతి ఆవిడకి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఐదింటికి అందరూ వచ్చారు. గది నిండిపోయింది. మేష్టారు హార్మోనియం విప్పగానే కళ్ళు మూసుకున్నాను. పాట మొదలైంది. అనుకున్నంత కష్టంగా లేదు. కష్టంగానే ఉంది, కానీ నా పక్కన సిస్టరుగారు భుజం ఆనించి నిలబడింది. మధ్యలో చూస్తే ఓనరుగారూ పిన్నిగారూ వరండాలో కిటికీ పక్కకి పడక్కుర్చీలు జరుపుకుని వింటున్నారు.

అన్నీ సవ్యంగా అయిపోయాయనుకుంటుంటే బట్టల కొట్టు గుమాస్తా కొంప ముంచాడు. కిందటి శనివారం అతను ప్రాక్టీసుకి రాలేదు, నా భాగోతం అతనికి తెలీదు. వెళ్తూ వెళ్తూ వరండాలో ఓనరుగారికి దణ్ణం పెట్టి, "మీకు పాటలు పడవన్నారండి. అయినా ఇవాళ ఓపిక పట్టారు, చాలా సంతోషం" అన్నాడు.

ఓనరుగారు అతన్ని చూశారు, గుమ్మంలో ఉన్న నన్ను చూశారు.

"అవునండి. పడవు. ఇవాళ్టికేదో ఊరుకున్నాను" అన్నారు. పడక్కుర్చీ మడిచి లోపలికి వెళ్ళిపోయారు.

అందరూ వెళ్ళిపోయారు. హార్మోనియం రిక్షా ఎక్కింది. గదిలో ఖాళీ గ్లాసులూ, నలిగిన జంబుకానా, నేనూ మిగిలాం. ఆ నిశ్శబ్దం ఇదివరకు ఉన్నదానికంటే పదింతలుంది. ఓనరుగారి కారణం చెప్పుకున్నా, గోడల కారణం చెప్పుకున్నా, నేను భయపడింది దీనికేనని అప్పుడు తెలిసింది. జనం రావడానికి కాదు, వచ్చి వెళ్ళిపోవడానికి.

తలుపు తోసుకుని పిన్నిగారు వచ్చారు. కుర్చీల కోసం.

"ఆయనకి పడవని నువ్వు చెప్పావా?"

"నేనే చెప్పానండి."

"అందుకా ఆ రోజు అలా నడిచి వెళ్ళిపోయారు?"

"అవునండి."

ఆవిడ కుర్చీ వీపు మీద చెయ్యి వేశారు. "మధ్యాహ్నం నించీ ఎదురు చూశామమ్మా" అన్నారు. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపు ఆగలేదు.

కుర్చీ ఎత్తుకుని వెళ్ళిపోతారనుకున్నాను. ఆవిడ దాన్ని గోడవైపు జరుపుకుని కూర్చున్నారు. ఆరేళ్ళుగా ఆ గోడకి చెరో పక్కా ఉన్నాం. మా ఆయన పోయిన రోజున వచ్చి నిలబడి వెళ్ళారు. మా ఇంట్లో ఆవిడ కూర్చోవడం అదే మొదలు.

"ఇందాక రెండోసారి పాడారే, మెల్లగా. అది పాడు."

"నాది రెండో స్వరమండి. ఒక్కదాన్నే పాడితే పాటలా ఉండదు."

"ఉండకపోతే పోనీ. పాడు."

పాడాను. పాటలా లేదు. ఆవిడ చివరిదాకా కూర్చున్నారు.