చేతిలో ఇస్త్రీపెట్టె లేనప్పుడు

హోటల్ కింద నేలమాళిగలో ఉన్న లాండ్రీలో ఆవిడని అందరూ పెద్దక్క అంటారు. వయసును బట్టి వచ్చిన పేరు కాదది, గొంతును బట్టి వచ్చింది. దుప్పటి మీద చిన్న ముడత కనబడితే చాలు, పైకప్పు లేచిపోయేది. అలాంటి మనిషి ఈమధ్య అరవడం మానేసింది. అరవడానికైనా ఓపిక ఉండాలి కదా!

కాళ్ళు ఎదురుతిరిగాయి. పిక్కల్లో నరాలు ఉబ్బి, సాయంత్రానికి చెప్పులు పట్టడం లేదు. "ఇంకా నిలబడే పనే చేస్తానంటే నేను చేసేదేం లేదమ్మా," అని డాక్టరు తేల్చేశాడు. లాండ్రీలో కూర్చుని చేసే ఉద్యోగం ఒక్కటే ఉంది, సూపర్వైజరుది. ఆ కుర్చీలో ఉన్నాయన త్వరలో మానేస్తున్నాడు. పనంతా పెద్దక్కకి కొట్టిన పిండి. చిక్కల్లా మేనేజరుతోనే. ఆయనకి మన భాష రాదు. నిన్న ఏమేం పని జరిగిందో ప్రతి ఉదయం ఆయనకి ఇంగ్లీషులో చెప్పాలి.

సరేనని పని దిగాక ఇంగ్లీషు క్లాసులో చేరింది. మాస్టారు మంచివాడే గానీ, ఆయనా పొద్దుటి నుంచీ నాలుగు చోట్ల పాఠాలు చెప్పి గొంతు పోగొట్టుకుని వచ్చినవాడే. "మీకు కావలసినవన్నీ రెగ్యులర్ వెర్బులేనమ్మా. చెప్పిన మాట వినే రకం. జరిగిపోయిన పనైతే చివర ఇ, డి తగిలించండి, అంతే. వాష్, వాష్డ్, వాష్డ్," అనేవాడు. 'అంతే' అనడం ఆయనకి తేలికే. ఆ బెంచీ మీద కూర్చోగానే పెద్దక్కకి నిద్ర ముంచుకొచ్చేది. రోజంతా నిలబడ్డ ఒళ్ళు, కూర్చోవడమంటే పడుకోవడమే అనుకునేది.

చివరికి ఉపాయం తనకే తట్టింది. పాఠాన్ని ఇస్త్రీ బల్ల దగ్గరికి తెచ్చుకుంది. పెట్టె ముందుకు తోస్తూ "వాష్" అనేది. వెనక్కి లాగుతూ "వాష్డ్" అనేది. దుప్పటి తిరగేస్తూ మళ్ళీ "వాష్డ్". డ్రై, డ్రైడ్, డ్రైడ్. ఫోల్డ్, ఫోల్డెడ్, ఫోల్డెడ్. దుప్పట్లయ్యాక దిండు గలీబులు, గలీబులయ్యాక తువాళ్ళు. చెయ్యి కదిలితే చాలు, మాట దానంతటదే వచ్చేసేది.

ఎదురు బల్ల దగ్గర మడతలు పెట్టే అమ్మాయిని పిట్ట అంటారు, గుప్పెడు మనిషి. రోజంతా ఈ వల్లింపు విని విని దానికి తల ప్రాణం తోకకొచ్చింది.

"నీకు దణ్ణం పెడతా పెద్దక్కా, కాసేపు ఆపు. నిన్న మా ఆయన అన్నం పెట్టమంటే ఫోల్డెడ్ అన్నాను!"

"చెవులు మూసుకుని నీ పని చూసుకోవే."

చెవులు మూసుకుని మడతలెలా పెడతారో పెద్దక్కకే తెలియాలి.

మేనేజరు దగ్గరికి వెళ్ళే రోజు రానే వచ్చింది. చల్లటి గది, మెత్తటి కుర్చీ. నిన్న ఏమేం చేశారని ఆయన నవ్వుతూ అడిగాడు. ప్రశ్న అర్థమైంది. జవాబూ తెలుసు. నోరు మాత్రం పెగల్లేదు. చేతులు రెండూ ఒళ్ళో ఖాళీగా పడి ఉన్నాయి. ఉండబట్టలేక కుడిచెయ్యి బల్ల మీదికెక్కి, ముందుకీ వెనక్కీ కదిలింది. ఆయన మంచినీళ్ళు కావాలేమో అనుకుని గ్లాసు ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ తాగి, దణ్ణం పెట్టి వచ్చేసింది.

ఇంకెవరైనా ఉన్నారా అని మేనేజరు అడిగాడట. మానేస్తున్న సూపర్వైజరు పిట్టని లోపలికి తోశాడు. ఏ క్లాసు మొహమూ చూడని పిట్ట, నిన్నటి పనంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి, కుర్చీ సంపాదించుకుని బయటికొచ్చింది. వస్తూనే పెద్దక్క చెయ్యి పట్టుకుని భోరుమంది.

"నేను అడగలేదు పెద్దక్కా, వాళ్ళే పిలిచారు. నీ మాటలే చెప్పాను. వద్దనేయమంటావా? నువ్వు ఊఁ అను, ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తా."

పెద్దక్క తన చెయ్యి లాక్కుంది. 'ఊఁ' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటకి ఇస్త్రీపెట్టెతో పని లేదు కూడా. కానీ పిట్ట వద్దంటే మాత్రం ఆ కుర్చీ తనకిస్తారా?

"వద్దంటే నాకొచ్చి పడుతుందా? పోయి కూర్చో," అంది.

మొదటి రోజు ఉదయం మేనేజరు స్వయంగా లాండ్రీలోకి దిగి వచ్చాడు. పిట్ట లేచి నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడైనా తడబడుతుందేమోనని పెద్దక్క ఇస్త్రీ ఆపి మరీ విన్నది. తడబడితే బావుండుననే అనిపించింది, దాచడమెందుకు. పిట్ట తడబడలేదు. ఆయన తలూపి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

అడుగుల చప్పుడు వినబడకుండా పోయాక, పిట్ట ఆ కుర్చీని ఈడ్చుకొచ్చి ఇస్త్రీ బల్ల పక్కన పెట్టింది.

"ఇస్త్రీ కూర్చుని చేసే పని కాదే," అంది పెద్దక్క.

"నాకు తెలీదా? ఆ పెట్టె ఇలా ఇచ్చి నువ్వు కూర్చో. ఆయన మళ్ళీ రేపటిదాకా రాడు."

"ఎవరైనా చూస్తే నీ ఉద్యోగం ఊడుతుంది."

"చూసినప్పుడు చూద్దాంలే. ముందు కూర్చో తల్లీ!"

వాదించే ఓపిక కూడా లేదు పెద్దక్కకి. పెట్టె వదిలి కూర్చుని, ఉబ్బిన కాళ్ళు చాపుకుంది. పిట్ట దుప్పటి పరిచింది. పెట్టె ముందుకు తోస్తూ, అలవాటైపోయిన నోటితో "ఐరన్" అంది. వెనక్కి లాగుతూ "ఐరన్డ్" అంది.

మూడోది పెద్దక్క వినలేదు. అప్పటికే నిద్రపోయింది.