ఎర్సీలియా కిటికీ తెరుచుకోని సాయంత్రం

రోక్కాల్వేనలో ఎవర్ని అడిగినా ఒకటే మాట. ఆడపడుచు మీద కుళ్ళుతో ఎర్సీలియా పండగ మొదటి రోజున కిటికీ తలుపులకు మేకులు కొట్టేసిందట. రొట్టెల కొట్టు దగ్గర ఒక్క మేకు అన్నది చర్చి మెట్లు దిగేసరికి డజనైంది. మేకూ లేదు, సుత్తీ లేదు. కుళ్ళు మాత్రం ఉంది. అది లేదంటే ఎర్సీలియాయే ఒప్పుకోదు.

కోటగోడ లోపల ఉన్నది ఒకటే చౌక్. ఆగస్టు పండగ మొదటి రోజున ఊరివాళ్ళు పాటల నాటకం ఆడేది అక్కడే. దానికంటూ వేరే వేదిక లేదు. భటులు మందుల షాపు గుమ్మంలోంచి వస్తారు, దొర చర్చి మెట్ల మీద చస్తాడు. యుద్ధంలో చచ్చిన కొడుకును మోసుకొస్తుంటే ముసలి దొరసాని పాడే ఏడుపు పాట మాత్రం ఎర్సీలియా పడకగది కిటికీలోంచి రావాలి. అంత ఎత్తున, చౌక్ మీదకు తెరుచుకునే రాతి కిటికీ ఇంకొకటి లేదు.

అత్తగారు పోయిన దగ్గర్నుంచీ ఆ దొరసాని ఎర్సీలియాయే. ఏడాది పొడుగునా ఆమె గుడ్లు కలిపిన పిండి పామి, రిబ్బన్లలా కోసి ఇంటింటికీ అమ్ముతుంది. మధ్యమధ్య ఊపిరి తీసుకోవడానికి అదే కిటికీలో మోచేతులు ఆనించి, కింద ఎవరు ఎవరితో గుసగుసలాడుతున్నారో చూస్తుంది. అందుకే నాటకంలో ఆమె వచ్చి ఊరికే అలా నిలబడితే చాలు, పాట ఎత్తుకోకముందే ముసలమ్మలు చేతిరుమాళ్ళు తీసేవారు. గొంతు సంగతంటారా, పై స్థాయికి పోతే పాత తలుపు కీచుమన్నట్టే. ఊరు అలవాటు పడిపోయింది.

ఈ ఏడు ఓర్నెల్లా తిరిగొచ్చింది. ఎర్సీలియా మొగుడు, పాపం పోయాడు, ఆయనకు స్వయానా చెల్లెలు. ఆ ఇంట్లోనే పుట్టింది. పెరూజియా పట్నంలో కాపురం చేసి, అక్కడి చర్చి బృందంలో పాడి పేరు తెచ్చుకుంది. నాటకం నడిపించే గ్వాల్తియేరో మాస్టారు ఒక్కసారి విన్నాడు, అంతే. ఎర్సీలియా గుమ్మంలో నిలబడి, టోపీని చేత్తో నలుపుతూ, ఈసారి దొరసాని వేషం ఓర్నెల్లా కడుతుందనీ, కిటికీ మాత్రం ఎప్పటిలా మీరే ఇప్పించాలనీ నీళ్ళు నమిలాడు.

"అంటే నా పడకగదిలో నిలబడి నా పాట పాడుతుందన్నమాట. దుప్పటి కూడా మార్చి ఉంచమంటారా, మాస్టారూ?" అంది ఎర్సీలియా.

ఇవ్వనని మాత్రం అనలేదు. ఇవ్వనంటే ఊరు నవ్వుతుంది. ఇస్తే కడుపులో నిప్పులు. ఓర్నెల్లా పైన సాధన చేస్తున్నన్నాళ్ళూ కింద వంటింట్లో పిండి ముద్దను పగవాడి వీపులా బాదింది. ఎక్కడైనా శ్రుతి తప్పుతుందేమోనని చెవి ఒగ్గి విన్నది. తప్పలేదు. చివరి రోజు సాధనప్పుడు మెట్లెక్కి, తలుపు సందులోంచి కిటికీ వైపు తొంగిచూసి దిగిపోయింది.

పండగకి ముందు చౌక్‌లోని కిటికీలన్నిటికీ ఆకుపచ్చ రంగు వెయ్యడం అక్కడి ఆనవాయితీ. ఈసారి అందరూ జూన్‌లోనే వేసుకుంటే ఎర్సీలియా వెయ్యనని మంకుపట్టు పట్టి కూర్చుంది. అలాంటిది నాటకం రోజు పొద్దున్నే డబ్బా తెచ్చి, రెండు రెక్కలకీ లోపలా బయటా అంచులతో సహా దట్టంగా పట్టించింది. మధ్యాహ్నానికి ఎండ చౌక్‌లోకి దిగింది. ఎండ గడప తొక్కిందంటే ఆ ఊరి ఆడదాని చెయ్యి దానంతటదే కిటికీ మూసేస్తుంది. ఎర్సీలియా చెయ్యీ మూసేసింది. పచ్చి రంగు మీద పచ్చి రంగు అతుక్కుని, ఎండకి రాయిలా బిగిసింది.

సాయంత్రం భటులు శవాన్ని మోసుకొచ్చారు. బాకా ఊదారు. కిటికీ తెరుచుకోలేదు. లోపల దొరసాని గౌను చంకల దగ్గర చిట్లేలా ఓర్నెల్లా తోస్తోంది, రెక్కలు కదిలితే ఒట్టు. బాకా మళ్ళీ ఊదారు. ఇక చేసేది లేక మూసిన రెక్కల వెనకనుంచే పాట ఎత్తుకుంది.

కన్నకొడుకు శవాన్ని చూడలేక కిటికీ మూసుకుని ఏడుస్తున్న తల్లి అనుకున్నారు జనం. చెక్క పట్టీల సందుల్లోంచి ఆ గొంతు జారి వస్తుంటే చౌక్‌లో ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. శవంగా పడుకున్నవాడు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఇంటినుంచి తెచ్చుకున్న కుర్చీలో, జనం మధ్య ఎర్సీలియా బిగుసుకుని కూర్చుంది. ఇన్నేళ్ళలో తన దొరసానికి ఇలాంటి నిశ్శబ్దం ఎప్పుడూ దక్కలేదు. చప్పట్లు సద్దుమణగకముందే మాస్టారు ప్రకటించేశాడు, ఇకమీదట ప్రతి ఏడూ ఆ కిటికీ మూసే ఉంచాలని. అంటే అందులో నిలబడే దొరసాని పని ఇక ఎప్పటికీ అయిపోయినట్టే. పక్కావిడ మాత్రం ఎర్సీలియా వేళ్ళకంటిన ఆకుపచ్చ రంగు చూసింది. మేకుల కథ అక్కడే పుట్టింది.

మర్నాడు ఓర్నెల్లా వచ్చి వంటింటి బల్లకి ఎదురుగా కూర్చుంది. కాఫీ ముట్టుకోలేదు.

"వదినా, ఊరంతా మేకులంటోంది. నేను తడిమి చూశాను, మేకుల్లేవు, రంగే. దాచకుండా చెప్పు. నేను ఎవరికీ కనపడకూడదనే కదా వేశావు?"

ఎర్సీలియా పిండి పామడం ఆపలేదు.

"పిచ్చిమొహమా, నిన్ను దాచాలనుకుంటే ఆ గొంతొక్కదాన్నే ఊరి మీదికి వదుల్తానా? కొత్త రంగు మధ్య నువ్వు బాగా కనపడాలనే వేశాను. కిటికీలో బస్సు కోసం చూస్తున్నదానిలా నిలబడతావు. అది చూసి, ఎర్సీలియాయే నయం అనుకుంటారని."