టోపీల గైబుల్లా గురక

చూస్త్ ఊళ్లో టోపీలమ్మే గైబుల్లా నిద్రపోతాడు. అందరూ పోయేదే కదా, ఇందులో వింతేముంది అనకండి. అందరూ రాత్రి పడుకుని పొద్దున లేస్తారు. గైబుల్లా నిద్రలోనే లేచి, నిద్రలోనే టీ తాగి, నిద్రలోనే కొట్టు తెరిచి, పెళ్లిళ్లకూ పరామర్శలకూ నిద్రలోనే హాజరయ్యేవాడు. "మావాడికి మెలకువ ఒక జబ్బు. ఎప్పుడో వస్తుంది, వెంటనే తగ్గిపోతుంది," అనేవాడు ఆయన చిన్ననాటి స్నేహితుడు, పలావు మేస్త్రీ మిర్వలీ.

అలాగని గైబుల్లా పనిలో లోటు చేశాడని ఎవరైనా అంటే కళ్లు పోతాయి. ఆయన కొట్టులో నల్లగుడ్డ మీద తెల్లదారంతో మిరపకాయలు కుట్టిన టోపీలు అటక దాకా పేర్చి ఉండేవి. కొనడానికి వచ్చినవాడు ఆయన్ని లేపక్కర్లేదు. తల వంచి ఆయన అరచేతి కింద పెడితే చాలు. కళ్లు మూసుకునే, వేళ్లతో తడిమి, "యాభై ఎనిమిది. వెనకవైపు కాస్త బల్లపరుపు," అని, చెయ్యి వెనక్కి చాపి సరిగ్గా ఆ కొలత టోపీయే లాగి ఇచ్చేవాడు. ఒకసారి ఎవడో ఆకతాయి తలకి బదులు పుచ్చకాయ పెట్టాడు. గైబుల్లా దాన్నీ ఓపిగ్గా తడిమాడు. "అరవై రెండు. నాలుగు రోజులు ఆగు, ఇంకా పండలేదు," అన్నాడు.

గురువారం గురువారం స్నేహితులు పన్నెండుమంది చాయ్‌ఖానాలో కలిసేవారు. అక్కడ గైబుల్లా కబుర్లకి మంచి గిరాకీ. ఒక్కటే ఇబ్బంది, ఏ కబురూ ఒక్క గురువారంలో తేలేది కాదు. "మా బావమరిది గొర్రె ఉంది చూశారూ, అది ఆరోజు తలుపు కొమ్ముతో తోసుకుని..." అని గడ్డం గుండె మీద వాల్చేసేవాడు. మిగతావాళ్లు టీ చల్లారేదాకా చూసి ఇళ్లకి పోయేవారు. మళ్లీ గురువారం వచ్చి కూర్చుని, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, "...తిన్నగా వియ్యపురాలి గదిలోకి వెళ్లింది," అనేవాడు. వారం రోజులు గొర్రె గుమ్మంలోనే నిలబడి ఉండేదన్నమాట.

మొదటినుంచీ ఇలా ఉండేవాడు కాదు. నలభై అయిదు దాటి, మెడా పొట్టా ఒకదాన్ని చూసి ఒకటి పెరిగాక మొదలైంది. పేటలో పెద్దలంతా కూర్చుని అది నీరసమని తేల్చారు. నీరసానికీ, జలుబుకీ, కడుపునొప్పికీ, పీడకలకీ ఆ ఊళ్లో మందు ఒక్కటే: వేడి టీలో పటికబెల్లం. ఎవరింటికి వెళ్లినా ఆయన గిన్నెలో ఇంత గడ్డ పడేసేవారు. గైబుల్లా మొహమాటస్తుడు, పెట్టింది కాదనలేడు. తాగేవాడు, తాగి నిద్రపోయేవాడు. "అయ్యో పాపం, ఇంకా నీరసం తగ్గలేదు," అని ఇంకో గడ్డ వేసేవారు. మూడేళ్లపాటు ఆ వైద్యం ఎంతో ప్రేమగా జరిగింది.

ఇంట్లో ఆయన భార్య హాసియత్ పాట్లు వేరు. "ఆయన గురక పెడితే నాకు నిద్ర పట్టదు వదినా," అని మిర్వలీ భార్య దగ్గర చెప్పుకునేది. "గురక ఆగిపోతే అసలే పట్టదు. ఆగుతుంది, ఊపిరి ఉండదు. డొక్కలో పొడుస్తాను. పొలంలో ట్రాక్టరు అందుకున్నట్టు మళ్లీ అందుకుంటారు. పైగా నాలుగుసార్లు లేచి బయటికి వెళ్తారు, వచ్చి చెంబెడు నీళ్లు తాగుతారు."

ఆ గొడవ అక్కడితో ఆగకపోవడానికి కారణం డాక్టరు ముహయ్యో. వాళ్ల నాన్నకి టోపీ కొందామని వచ్చిందావిడ. టోపీ ఎంచుకునే లోపల గైబుల్లా రెండు కూజాల టీ తాగి, రెండుసార్లు నిద్రపోయాడు. ఆవిడ టోపీ పక్కన పెట్టి ఆయన మెడ వైపు చూసింది, హాసియత్‌ని పిలిచి నాలుగు ప్రశ్నలు అడిగింది, మర్నాడే క్లినిక్కి రప్పించింది. తోడుగా మిర్వలీ వెళ్లాడు.

"బాబాయ్, ఈ రిపోర్టు చూస్తే మీరు మనిషో పటికబెల్లం గడ్డో నాకే తెలియట్లేదు," అంది డాక్టరు.

"నాదేం లేదమ్మా. అంతా పేటవాళ్ల అభిమానం," అన్నాడు గైబుల్లా.

"షుగరు పెరిగింది కాబట్టి దాహం, దాహంతో రాత్రంతా లేవడం. పైగా గొంతు దగ్గర ఊపిరి అడ్డుపడుతోంది. ఊపిరి ఆగినప్పుడల్లా ఒళ్లు ఉలిక్కిపడి లేస్తుంది, ఆ సంగతి మీకు తెలీదు. రాత్రంతా కుస్తీ పట్టినవాడు పగలు నిద్రపోక ఏం చేస్తాడు? నిద్ర చెడితే షుగరు మరీ ఎక్కుతుంది. రెండూ తోడుదొంగలు. బీపీని కూడా కలుపుకున్నాయి. ఇలాగే వదిలేస్తే రేపు గుండె మీద పడతాయి. బాబాయ్, వింటున్నారా?"

గైబుల్లా నిద్రపోయాడు. విన్నది మిర్వలీ ఒక్కడే.

మాత్రలు రాశారు. తీపి మాన్పించారు, రోజూ బజారు చుట్టూ నడిపించారు. నమన్‌గాన్ పెద్దాసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి చూసి, ముక్కుకి తగిలించుకుని పడుకునే గొట్టం మిషనొకటి ఇచ్చారు. "ముప్పై ఏళ్ల కాపురం తర్వాత ఏనుగు పక్కన పడుకోవాల్సి వచ్చింది," అంది హాసియత్. అన్న మర్నాడే ఆవిడ పొద్దెక్కేదాకా హాయిగా నిద్రపోయి, పాలవాడు వచ్చి వెళ్లిన సంగతే ఎరగదు.

ఏడాది గడిచింది. గైబుల్లా పొట్ట తగ్గింది, దాహం తగ్గింది, మొహం తేటపడింది. నిద్ర మాత్రం తగ్గలేదు. కొట్టులోనూ అదే కునుకు, చాయ్‌ఖానాలోనూ అదే గురక.

"రోగం కుదిరిందిగానీ రోగి లేవలేదు," అని మిర్వలీ అందరిముందూ ఏడిపించేవాడు.

"షుగరు ఆ డాక్టరమ్మకి ఇచ్చేశాను. నిద్ర నా సొంతం, ఎందుకిస్తాను?" అనేవాడు గైబుల్లా, కళ్లు మూసుకునే.

మిర్వలీ అంత గట్టిగా ఏడిపించడానికి ఒక కారణం ఉంది. అది ఆయన భార్యకి కూడా తెలియదు. కొన్నాళ్లుగా ఆయనకీ నిద్ర ముంచుకొస్తోంది. అది కూడా ఎక్కడో కాదు, పలావు దమ్ పెట్టి కూర్చున్నప్పుడు. మాంసం వేగేటప్పుడు, క్యారట్ వేసేటప్పుడు చేతినిండా పని, నిద్ర దగ్గరికి రాదు. బియ్యం పరిచి మూత వేశాక అరగంట ఊరికే కూర్చోవాలి. అదను చూసి నిప్పులు లాగేయాలి. ఒక్క పది నిమిషాలు ఆలస్యమైతే మూడువందల మంది తినాల్సిన అన్నం అడుగంటుతుంది. ఆ ఊళ్లో ఒకసారి పెళ్లి పలావు మాడ్చిన మేస్త్రీని మళ్లీ ఏ ఇంటికీ పిలవరు. మిర్వలీ చేతిలో ఉన్న గరిటె వాళ్ల తాత చేతిది. అది తన చేతిలో ఉండగా పరువు పోతుందేమోనని ఆయనకి లోపల వణుకు. దాహం గురించీ, రాత్రి లేవడం గురించీ డాక్టరు చెప్పిన మాటలన్నీ గుర్తే. వేలు గుచ్చి రక్తం చూపించుకుంటే పేరు రాస్తారు, పేరు రాస్తే ఊరంతా తెలుస్తుంది, తెలిస్తే గరిటె ఎవడిస్తాడు?

అదృష్టం ఏమిటంటే, ఆరు నెలలుగా ప్రతి పెళ్లిలోనూ గైబుల్లా వచ్చి పొయ్యి పక్కనే చేరగిలబడుతున్నాడు. "ఈ వెచ్చదనానికి నాకు సుఖంగా నిద్ర పడుతుందిరా," అంటాడు. జనమంతా ఆయన గురక విని నవ్వుతారు, పక్కనే మేస్త్రీ తల వాలడం ఎవరి కంటా పడదు. పైగా ఎలా కుదిరిందో గానీ, సరిగ్గా నిప్పులు లాగే వేళకి గైబుల్లా గురక ఒక్కసారి గోడలదిరేలా పేలుతుంది. మిర్వలీ ఉలిక్కిపడి లేచి పని చూసుకుంటాడు. అంతా దేవుడి దయ అనుకునేవాడు.

నెలకోసారి క్లినిక్కి కూడా ఇద్దరూ కలిసే వెళ్లేవారు. "బస్సులో నిద్రపోతే నమన్‌గాన్‌లో తేలతాను, నన్ను లేపడానికి రారా," అని గైబుల్లా బతిమాలేవాడు. వెళ్లినప్పుడల్లా డాక్టరమ్మ మిర్వలీ వైపు చూసి, "మీ వేలు కూడా ఇస్తారా?" అనేది. "నాకేం రోగమమ్మా? నేను వీడి అలారాన్ని," అని చేతులు జేబుల్లో దాచుకునేవాడు.

ఒక శనివారం పేటపెద్ద మనవరాలి పెళ్లి వచ్చింది. మధ్యాహ్నం విందు, మగపెళ్లివారు నమన్‌గాన్ నుంచి. ముందురోజు సాయంత్రమే పేటలో మగవాళ్లంతా కూర్చుని గుట్టలుగా క్యారట్లు తరిగారు. గైబుల్లా కూడా కళ్లు మూసుకుని తరిగాడు, ఒక్క ముక్క వంకర పోలేదు. శనివారం మిర్వలీ బాణలి మీద మూత వేసి, అంచుల చుట్టూ తడిగుడ్డ కుక్కి, మంట తగ్గించి పీట మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడకి ఆనుకుని గైబుల్లా అప్పటికే మొదలుపెట్టేశాడు. వీడుండగా నాకేం భయం అనుకున్నాడు మిర్వలీ. అంతవరకే ఆయనకి గుర్తు.

కళ్లు తెరిచేసరికి గోడ మీద ఉన్న ఎండ కాళ్ల మీదికి వచ్చింది. అరగంట కాదు, గంట దాటిపోయింది. మిర్వలీకి పై ప్రాణాలు పైనే పోయాయి. మాడు వాసన వస్తుందని ఊపిరి బిగబట్టాడు, ఎంతసేపని బిగబడతాడు, పీల్చాడు. మాడు వాసన లేదు. వంగి పొయ్యిలోకి చూస్తే నిప్పులన్నీ బయటికి లాగి, బూడిద కప్పి ఉన్నాయి. మూత ఎత్తాడు. అన్నం గింజకి గింజ అంటకుండా మెరుస్తోంది.

గైబుల్లా గోడకి ఆనుకుని గురకపెడుతున్నాడు. చేతులు మోచేతుల దాకా మసి. కనుబొమలు సగం కాలిపోయి ఉన్నాయి.

మిర్వలీ అక్కడే నిలబడి ఆ గురక విన్నాడు. పాత గురక ఆయనకి బాగా తెలుసు. అది మధ్యలో తెగేది, తెగినప్పుడు వినేవాడికి కూడా ఊపిరాడేది కాదు. ఇది ఎక్కడా తెగకుండా కచేరీలాగా సాగిపోతోంది.

"ఒరేయ్, ఎందుకురా ఈ నాటకం?"

గురక ఇంకాస్త పెరిగింది.

"నిద్రపోతూనే కాల్చుకున్నావా ఆ కనుబొమలు?"

గురక ఆగింది. "బాగా కాలాయా?" అన్నాడు గైబుల్లా, కళ్లు తెరవకుండా.

"నీకు నిద్ర ఎప్పుడు తగ్గింది?"

"ఆ తొండం తగిలించుకున్న నెలకే. మొదట్లో సరదాకి కొనసాగించాను. పాపం జనం నవ్వుకుంటున్నారు, ఎందుకు చెడగొట్టడం అని. తర్వాత శీతాకాలంలో ఆ టీచరుగారింటి పెళ్లిలో నువ్వు గరిటె పట్టుకునే కునుకు తీశావు. గురక కూడా పెట్టావు. అది మధ్యలో తెగింది. నేను లెక్కపెట్టానురా. ఇరవై దాకా లెక్కపెట్టినా నీకు ఊపిరి రాలేదు. చచ్చేంత భయమేసింది నాకు. అందుకే గట్టిగా గురకపెట్టి లేపాను. ఇవాళ ఎంత పెట్టినా లేవలేదు, నేనే నిప్పులు లాగాల్సి వచ్చింది."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే? మెలకువగా ఉన్నవాణ్ణి నీ పొయ్యి దగ్గర కూర్చోనిచ్చేవాడివా? నా కోసమని అంటే క్లినిక్కి వచ్చావు. నీ కోసమని అంటే వచ్చేవాడివా?"

మిర్వలీకి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఉల్లిపాయల మీదికి నెట్టేద్దామంటే అవి పొద్దుటే తరిగేశాడు. "ఊళ్లో నిన్ను అందరికంటే ఎక్కువ ఏడిపించింది నేనేరా," అన్నాడు.

"అవును. కొన్ని బాగానే పేలాయి," అన్నాడు గైబుల్లా. "ముందు వడ్డించు, మగపెళ్లివారు వచ్చేశారు. సోమవారం క్లినిక్కి పోదాం."

"అందరూ చూస్తారురా."

"నేను నిద్రపోతాలే. అందరూ నన్నే చూస్తారు."

సోమవారం క్లినిక్ వరండాలో ఇరవైమంది దాకా ఉన్నారు. మొదటి బల్ల మీద బీపీ చూపించుకోవడానికి వచ్చిన పేటపెద్దే ఉన్నాడు. మిర్వలీని చూస్తూనే, "ఏమయ్యా మేస్త్రీ, నువ్విక్కడున్నావేం?" అన్నాడు. మిర్వలీ నోరు తెరిచేలోపే గైబుల్లా తల ఆయన భుజం మీద వాలింది, గురక వరండా అంతా మోగింది. జనం పగలబడి నవ్వారు.

"వీణ్ణి లేపడానికా? లేపు, లేపు. నీకు పుణ్యముంటుంది," అన్నాడు పేటపెద్ద.

అవునంటే సరిపోయేది. అనడానికి మిర్వలీ సిద్ధంగానే వచ్చాడు. కానీ భుజం మీద సగం కాలిన ఆ కనుబొమలు ముక్కు కిందే కనిపిస్తుంటే అబద్ధం గొంతు దాటలేదు.

"కాదు పెద్దయ్యా. నాకే చూపించుకోడానికి వచ్చాను. దమ్ పెట్టి నిద్రపోతున్నాను. మొన్న మీ ఇంటి పలావు నిలబెట్టింది నేను కాదు, వీడు."

వరండాలో నవ్వు ఆగిపోయింది. పేటపెద్ద గడ్డం నిమురుకున్నాడు. మిర్వలీ తాత గరిటె ఆ కాసేపూ గాల్లోనే ఉంది.

"నాకూ ఈమధ్య తగువులు తీరుస్తూ తీరుస్తూ కన్ను మూతపడుతోందయ్యా," అన్నాడు చివరికి పేటపెద్ద, గొంతు తగ్గించి. "పెద్దవాణ్ణని ఎవరూ ఏమీ అనరు. ఆలోచిస్తున్నాననుకుంటారు."

"మావారికీ అంతే, కూరలో వేలు పెట్టి నిద్రపోతారు," అంది వెనకనుంచి ఒకావిడ. "ఆయన్ని కూడా పిలుచుకురానా?"

"పిలుచుకురామ్మా," అని, పేటపెద్ద మిర్వలీ వైపు తిరిగాడు. "శరత్కాలంలో మా చిన్న మనవరాలి పెళ్లి. పలావు నువ్వే చెయ్యాలి. ఈలోగా ఆ డాక్టరమ్మ చెప్పినట్టు విను."

మిర్వలీ తల ఊపాడు. లోపలినుంచి ఆయన పేరు పిలిచారు. లేవబోతే భుజం మీద గురక ఆగింది.

"అయితే ఇంక నేను మేలుకోవచ్చా?" అన్నాడు గైబుల్లా.

మేలుకుని, తల ఎత్తి, వరండాలో ఉన్న అందరినీ తీరిగ్గా ఒక్కొక్కరినే చూశాడు. ఆయన కళ్లు లేత ఆకుపచ్చవని అక్కడ చాలామందికి ఆరోజే తెలిసింది.