ఖాళీగా తిరిగి రాకూడని పళ్ళెం

కొరియాలోని కున్‌సాన్ రేవు వీధిలో ఇస్త్రీ దుకాణం నడిపే బాంగ్ సొనోక్‌కు కోపం రాదని ప్రతీతి. నిజానికి వచ్చేది. చల్లారేది కాదు, అంతే.

ఆమె కొడుకు తెసు నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రి గాజుపెట్టెలో ఉన్నాడు. ఒక ఉదయం వాడి పొట్ట ఉబ్బి, నీలంగా మెరిసింది. పిల్లల డాక్టరు ప్యో గారు వేలితో తట్టి చూశారు.

"వట్టి గాలేనమ్మా. తొలిచూలు తల్లులకి బిడ్డ ఆవులించినా ఉప్పెనే."

సాయంత్రానికి మరో డాక్టరు ఆ పొట్ట కోయవలసి వచ్చింది. పేగు వాచిందనీ, ఆ వాపు వల్ల సన్నని నాళాలలో నెత్తురు గడ్డకట్టిందనీ, నెత్తురందక నల్లబడి చచ్చిన ముక్కను తీసేశామనీ ఆయన ఓపికగా చెప్పాడు. సొనోక్ అంతా విని, "అయితే గాలి కాదన్నమాట" అంది.

పిల్లవాడు బతికాడు. ప్యో గారు ఆ ఊసే ఎత్తలేదు. ఆయన తెల్లకోటు ఇస్త్రీకి వచ్చేది సొనోక్ దగ్గరికే కనుక, దానికి చిల్లు ఖాయమని వీధంతా ఆశగా ఎదురుచూశాం. ఆమె వృత్తిధర్మం తప్పలేదు.

తెసుకు నూరో రోజు వచ్చింది. ఆ రోజు బియ్యప్పిండితో తెల్లటి ఆవిరికుడుములు చేసి ఇంటింటికీ పంచాలి. పుచ్చుకున్నవారు పళ్ళెం ఖాళీగా తిప్పి పంపితే బిడ్డ ఆయుష్షును అవమానించినట్టే. సొనోక్ ప్యో గారికి అన్నిటికన్నా పెద్ద పళ్ళెం పంపింది. అందులో దీర్ఘాయువు కోరుతూ పొడవాటి నూలుచుట్ట తిరిగొచ్చింది. ఆమె దాన్ని వెనక్కి పంపి, మళ్ళీ కుడుములు పెట్టింది. ఈసారి బియ్యం వచ్చాయి. అవీ వెనక్కే.

"ఇంట్లో బియ్యమంతా ఆ డాక్టరు పొట్టలోకే పోతోందే," అన్నాడు మొగుడు చున్‌సిక్.

"పోనీ తెసు నాన్నా. ఆయనకీ కాస్త గాలి పట్టాలిగా."

చివరికి తనే పళ్ళెం పట్టుకుని, రోగులతో కిక్కిరిసిన ఆయన గదిలోకి వెళ్ళింది. కుడుములు బల్ల మీద బోర్లించి, ఖాళీ పళ్ళెం చాచింది.

"నీకేం కావాలమ్మా అసలు?"

"ఒక్క మాటండీ. ఇందులో వేసివ్వండి."

"మాటను పళ్ళెంలో ఎలా వేస్తారు?"

"గాలిని పొట్టలో వేశారుగా."

గదిలో దగ్గులు ఆగిపోయాయి. ప్యో గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"గాలి కాదు. వాపు. లోపల నెత్తురు గడ్డకట్టింది. నేను సరిగ్గా చూడలేదు."

"వెనక బెంచీలో అవ్వకి వినబడలేదండీ."

ఆయన గొంతు పెంచి మళ్ళీ చెప్పారు.

అవ్వ మనవణ్ణి చంకనేసుకుని లేచింది. "మరి ఇందాక మావాడిదీ గాలే అన్నారు కదయ్యా. మళ్ళీ చూడండి." ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక గది మొత్తం లేచింది.

సొనోక్ వెళ్ళిపోలేదు. బల్ల మీది కుడుమొకటి తీసుకుని, అవ్వ ఖాళీ చేసిన చోట కూర్చుంది. ఆయన ఒక్కొక్క పొట్టనూ తట్టి, వత్తి, చెవిపెట్టి వింటూంటే, తీరిగ్గా నములుతూ చూసింది.