చంద్రికల మధ్య గుసగుస యుద్ధం

ఇది ఒక మహాసంగ్రామం కథ. రెండు తరాలు తలపడ్డాయి, దేశాల తలరాతలు తేలిపోయాయి. నిజానికి అంత లేదు. బాగేపల్లి దగ్గర మా ఊళ్లో, పట్టుపురుగుల షెడ్డులో, ఒక మధ్యాహ్నం మా తాత, చిన్నాన్న వాదించుకున్నారు. అదీ గుసగుసగా.

పురుగులు గూడు కట్టే వేళ ఎవరూ గొంతు పెంచకూడదన్నది మా అవ్వ చట్టం. పంట ఆమెది. పండిన, అంటే గూటికి సిద్ధమైన పురుగుల్ని ఏరి, వెదురుతో సుడులుగా అల్లిన చంద్రికల మీద పలచగా వేయాలి. పొద్దుగూకేలోపు కాకపోతే అవి ఎక్కడపడితే అక్కడ దారం వదిలేస్తాయి, నెల కష్టం పోతుంది.

నిప్పు పెట్టింది నేనే. వచ్చే వారం చిక్కబళ్లాపురంలో మా కాలేజీ చర్చాస్పర్ధె, అంటే వాదనల పోటీ. యుద్ధం న్యాయమేనా, కూలినవి తర్వాత ఎవరు కట్టించాలి అన్నది విషయం. మీరేమంటారని పురుగులు వేస్తున్న ఇద్దరినీ అడిగాను.

ముందు చెయ్యెత్తినవాడిదే తప్పు, తిరిగి కొట్టడం న్యాయం, వాడి ఇళ్లు కూలితే వాడే కట్టుకోవాలి అన్నాడు తాత. ఎవరు మొదలుపెట్టారన్నది అనవసరం, కూల్చినవాడే కట్టాలి, బడి కూలిన పిల్లలేం చేశారు అన్నాడు చిన్నాన్న. అరవడానికి వీల్లేక ఇద్దరూ కోపాన్ని చేతుల్లోకి మళ్లించారు. మాటకో గుప్పెడు పురుగులు. అరగంటలో చంద్రికలు సంతరోజు చింతామణి బస్సుల్లా కిక్కిరిశాయి.

అవ్వ వచ్చి చూసింది. గొంతు మాత్రం పెంచలేదు.

"ఇద్దురూ గెలిచినారు, బాగుండాది. ఇప్పుడు వీటిని తీసి సర్దేది ఎవురో చెప్పండప్పా."

"నాయనే కదమ్మా మొదలుపెట్టింది," అన్నాడు చిన్నాన్న.

"మొదలెవురు పెడితే ఏమి? ఎక్కువేసింది వాడు. వేసినోడే తీయల్ల," అన్నాడు తాత.

ఒక్క నిమిషంలో ఇద్దరూ ఒకరి వాదాన్ని ఇంకొకరు ఆక్రమించుకున్నారు. రాసుకుందామని నేను ఫోను తీశాను.

"అడిగినోడూ కూర్చోవల్ల," అంది అవ్వ.

ముగ్గురం కూర్చున్నాం. పొద్దుగూకేసరికి పని అయింది, పంట నిలిచింది. తొందరలో ఒకే సందులో ఇరుక్కున్న కొన్ని పురుగుల జంటలు మా కంట పడలేదు. ఆరో రోజు చంద్రికల నుంచి గూళ్లు తీస్తుంటే దొరికాయవి: రెండేసి పురుగులు కలిసి కట్టుకున్న గూళ్లు. శత్రువులు కలిసి కట్టిన ఇల్లు అని స్పర్ధెలో చెప్తే చప్పట్లు ఖాయమనుకుని ఒకటి అవ్వకు చూపించాను.

జంట గూటి దారం చిక్కుపడుతుంది, మంచి ధర రాదు, అంది అవ్వ. మార్కెట్‌కు పోయేముందు వాటిని ఏరి వేరే బుట్టలో వేయాలి.