పడ్గుకు నేను పెట్టిన పేరు

నలభై ఆరేళ్ళ దాకా నాకు అక్షరాలు రావు కాబట్టి ఏమీ రాయలేదు. వచ్చాక కూడా రెండేళ్ళు ఈ సంగతి రాయలేదు. ఇందులో కొంప మునగబోయిన హుస్నాబాద్ సత్తెమ్మ అప్పటికింకా నవ్వడం మొదలుపెట్టలేదు మరి. మొన్న నవ్వింది. ఇక వినండి, ఒక్క పేరు దిద్ది నేను చీర అంచులను ఎలా మాయం చేశానో.

కరీంనగర్‌లో మా నేత మహిళల సంఘం కంప్యూటర్లలో లినక్స్ ఉంటుంది. అందులో ప్రతి సాఫ్ట్‌వేరూ పేరున్న ఒక మూట, ప్యాకేజీ అంటారు. చీర అంచులు గీసే ప్యాకేజీని మా నస్రీన్ మేడం తయారుచేసి, మగ్గం మీది నిలువు దారాలను మేం పిలిచినట్టే ఇంగ్లిష్ అక్షరాల్లో ‘పడ్గు’ అని పేరు పెట్టింది. హుస్నాబాద్, భైంసా సంఘాలు కూడా కొత్త మూటలు మా దగ్గరే తెచ్చుకుంటాయి. వాటిని సర్ది పెట్టే పని నాది.

ఆలస్యంగా అక్షరాలు వచ్చినవాళ్ళకు ఒక జబ్బుంటుంది. పెళ్ళిపత్రిక ఇస్తే పెళ్ళెప్పుడో చూడరు, ఒత్తెక్కడ పోయిందో చూస్తారు. పుస్తకంలో ‘పడుగు’ అని ఉండగా ఈ ‘పడ్గు’ ఏమిటి? మేడం లేనప్పుడు పేరు దిద్దేశాను. పాత పేరును తుడిచేశాను. ఇల్లూడ్చి చెత్త పారబోసినంత హాయి!

పదకొండింటికి హుస్నాబాద్ నుంచి సత్తెమ్మ ఫోన్. మూడింటికల్లా అంచు గీసి మగ్గాల ఆసామికి పంపకపోతే పెళ్ళిచీరల పని ఇంకొకరికి పోతుంది.

“వదినె, కొత్తది పెడ్తుంటే కంప్యూటర్ పెట్టనంటుంది. పాతదాని సామాను, దీని సామాను ఒక్కటేనట.”

“గంతేనా! పాతదాన్ని తీసెయ్.”

తీసేసింది. దాన్ని నమ్ముకుని ఉన్న అంచుల నమూనాల మూట కూడా దాని వెంటే పోయింది.

“అవ్వో! అంచులన్నీ పోయినయ్!”

“కొత్తది పెట్టుకోని, అంచులు మళ్ళ తెచ్చుకో.”

“కొత్తది పెట్టిన. అంచులు పడ్గు లేనిది రామంటున్నయ్.”

“నీ ముంగటనే ఉన్నది గదనే!”

“నాకెరుకే వదినె. వాటికి ఎరుక లేదు!”

అప్పుడే నస్రీన్ మేడం వచ్చింది. “క్యా హువా లక్ష్మక్కా? గంత పరేషాన్ అయితున్నవ్?”

చెప్పాను. తల పట్టుకుంది. “నీకు అవ్వగారింట్ల పెట్టిన పేరేంది?”

“పోశవ్వ. మా అత్త పేరు గూడ గదేనని లగ్గమైనంక లక్ష్మి అన్నరు.”

“మరి మీ బాపొచ్చి పోశవ్వ ఏదీ అంటే?”

“మా అత్తొచ్చి ‘ఏందీ’ అంటది.”

“గందుకే! ‘నువ్వడిగే పోశవ్వ ఇప్పుడు లక్ష్మి’ అని గడపల నిలవడి చెప్పెటోళ్ళు ఉండాలె. నువ్వు గడపనే పీకేసినవ్.”

నాచేతనే పాత పేరుతో ఒక ఖాళీ మూట కట్టించింది. లోపల ఏమీ లేదు, ‘నాకు బదులు కొత్తదాన్ని తెచ్చుకో’ అన్న మాట తప్ప. పాతదాని సామాను ఇక తనదేనని కొత్తదానిలో రాయించింది. రెండున్నరకు సత్తెమ్మకు అంచులు తిరిగొచ్చాయి. మూడింటికి ముందే ఆసామికి చేరాయి.

“ఫికర్ పోయింది వదినె. గని నువ్వు పెట్టిన కొత్త పేరు జర సూసినవా? నేను పొద్దుగాలనే సూసిన. సదువుకున్నదానివి, గట్లనే ఉంటదేమో అనుకున్న.”

చూశాను. పడుగు కాదు. ‘పగుడు’ అని ఉంది.

మర్నాడు పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని, దిద్దబోయిన వేలిని నేనే వెనక్కి లాక్కున్నాను. ఈ జన్మలో ఇక ఏ పేరూ మార్చనని కొండగట్టు అంజన్న మీద ఒట్టు పెట్టుకున్నాను. తర్వాత సంఘానికి వచ్చిన ఆడవాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి, దీన్ని ‘పగుడు’ అనాలని నేర్పాను.