పాత జైల్లో పచ్చటి గదులు

కోవిడ్ సద్దుమణిగిన ఏడాది. అమెరికాలోని ఇల్లినాయ్‌లో చట్టం ఇప్పుడు ఒప్పుకుంటున్న మెడికల్ గంజాయి పెంచే కేంద్రాలను తనిఖీ చేయడం నా ఉద్యోగం. గుంటూరు పొగాకు మధ్య పెరిగిన నాకు ఆకు కొత్త కాదు గానీ, మా ఆవిడ మాత్రం గుడిలో ఎవరైనా అడిగితే "అగ్రికల్చర్ డిపార్ట్‌మెంట్" అని చెప్పి ఊరుకుంటుంది.

ఆ రోజు వెళ్ళింది మేముండే అరోరాకి చాలా దూరంలో, ఎప్పుడో మూతపడ్డ ఒక జైలుకి. రిటైరైన తెలుగు డాక్టర్ గారొకరు దాన్ని కొని మొక్కలు పెట్టారు. ఊచలు తీయించలేదు. ప్రతి సెల్‌లోనూ ఊదారంగు దీపాల కింద మొక్కలు, ఫ్యాన్ గాలికి అన్నీ ఒకేసారి తలలూపుతున్నాయి. మనిషి అలికిడి లేదు. 

దారి చూపిస్తున్నది వాల్టర్ అనే అరవయ్యేళ్ళ పనివాడు. తెరిచి ఉన్న తలుపు దగ్గర కూడా ఆగి, చేతులు వెనక్కి పెట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడేవాడు. నేను "పద" అంటేనే కదిలేవాడు. చివరి సెల్ ముందు మరీ ఎక్కువసేపు ఆగాడు.

"ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాను.

"ఇది రెండోసారి, సర్. మొదటిసారి ఈ గదిలోనే ఏళ్ళ తరబడి ఉన్నాను. ఇదే ఆకుకి."

 అతనిది టెంపరరీ బ్యాడ్జి, అంటే పోలీసు రికార్డు చూసేదాకా తాత్కాలిక అనుమతి. అలాంటి కేసు ఉన్నవాణ్ణి, కోర్టు దాన్ని రికార్డులోంచి చెరిపేసేదాకా, మొక్కల దగ్గరికి రానివ్వకూడదన్నది రూలు.

డాక్టర్ గారికి చెప్తే నన్ను పక్కకి పిలిచారు. "ప్రసాద్ గారూ, మనలో మాట. ఈవెనింగ్‌కల్లా టెర్మినేట్ చేసేస్తా. మీరు రిపోర్ట్ చేయకండి, లైసెన్స్ క్యాన్సిల్ అయిపోతుంది."

"అమ్ముకోడానికి మీకు లైసెన్సు, నీళ్ళు పోయడానికి అతనికి నిషేధమా, డాక్టర్ గారూ?"

"రూల్ నేను రాశానా అండీ?"

అదీ నిజమే. కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

ఉన్నదున్నట్టు రాసి, వాల్టర్‌ని పనిలోంచి తీసేసే ముందు విచారణ జరపమని మా ఆఫీసుని కోరాను. నెలలు పట్టింది. చివరికి వాల్టర్ పెట్టుకున్న అర్జీ మీద కోర్టు ఆ కేసు చెరిపేసింది, వాల్టర్ ఉద్యోగం నిలిచింది. ఎగిరి గంతేస్తాడనుకుని ఆ కబురు చెప్పడానికి నేనే వెళ్ళాను.

"థాంక్యూ, సర్," అన్నాడు ఒక దీపం సరిచేస్తూ. "నాతో పట్టుబడ్డ మా తమ్ముడు ఇంకా లోపలే ఉన్నాడు. పాత కేసు కూడా ఉందని వాడికి యావజ్జీవం వేశారు. ఈ జైలు మూసేటప్పుడు వేరే జైలుకి మార్చారు."

చట్టం మారిన రోజున అందరికీ ఒకేసారి తెల్లవారదని అప్పుడు తెలిసింది. ముందు లైసెన్సులు బయటికి వస్తాయి. మనుషులు ఆ తర్వాత, వస్తే.